వికటకవి అడిగిన ఇంటర్వ్యూ ప్రశ్న

ఒక చిన్న పరీక్ష. ‘వికటకవి’... ఈ పదంలో మొదట రిపీటయ్యే అక్షరం ఏది?

‘వి’ అన్నారా? కరెక్టే. ‘క’ అన్నారా? అదీ కరెక్టే!

ఇంకోసారి చూడండి. పదంలో అన్నిటికంటే ముందుండి, తర్వాత మళ్లీ ఇంకోచోట కనిపించేది ‘వి’. అదే ఎడమ నుంచి ఒక్కో అక్షరం చదువుకుంటూ పోతే, ‘అరె, దీన్ని ఇందాకే చూశాం కదా’ అని మొదటిసారి ఆగేది ‘క’ దగ్గర. ప్రశ్న ఒక్కటే, జవాబులు రెండు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ప్రిపేరవుతున్న మీ ఫ్రెండ్ ఎవరినైనా అడిగి చూడండి. ‘ఒక స్ట్రింగ్‌లో రిపీటయ్యే క్యారెక్టర్‌ని కనిపెట్టండి’ అన్నది వాళ్లకి బాగా పాత చుట్టమే. స్ట్రింగ్ అంటే మరేం కాదు... వరసగా పేర్చిన అక్షరాలు, అంకెలు, గుర్తుల దండ. మీ పేరు ఒక స్ట్రింగ్, పాస్‌వర్డ్ ఒక స్ట్రింగ్, వాట్సాప్‌లో పంపిన ‘హాయ్’ కూడా స్ట్రింగే. చాలామంది దీనికి పది లైన్ల కోడ్ బట్టీపట్టి వెళ్తారు. అక్కడే బోల్తా పడతారు. ఎందుకంటే ఇందులో అసలు పరీక్ష కోడ్‌ది కాదు. ‘ఏ రిపీట్ కావాలి?’, ‘క్యారెక్టర్ అంటే ఏంటి?’ అని ముందు అడుగుతారా లేదా అన్నది. ఆ రెండో ప్రశ్న ఇంగ్లిష్‌లో పెద్దగా ఇబ్బంది పెట్టదు. తెలుగులోకి వచ్చేసరికి మాత్రం చుక్కలు చూపిస్తుంది.

హైదరాబాద్‌తో మొదలెడదాం

మన హైదరాబాద్‌ని ఇంగ్లిష్‌లో రాయండి. హెచ్, వై, డి, ఇ, ఆర్, ఎ, బి, ఎ, డి. మొత్తం 9 అక్షరాలు. రెండేసిసార్లు వచ్చినవి రెండు: ‘ఎ’, ‘డి’.

మొదటిది మొరటు పద్ధతి. ఒక అక్షరాన్ని పట్టుకుని, దాని తర్వాత ఉన్న ప్రతి అక్షరంతోనూ పోల్చి చూడటం. హెచ్‌ని మిగతా 8 అక్షరాలతో పోల్చాలి. దొరకలేదు. వైని 7 అక్షరాలతో. దొరకలేదు. డిని 6 అక్షరాలతో పోలిస్తే చిట్టచివర ఇంకో డి తగిలింది. 8, 7, 6 కలిపితే 21 పోలికలు. జవాబు: డి.

రెండోది గుర్తుపెట్టుకునే పద్ధతి. పెళ్లిలో గిఫ్టులు తీసుకుంటూ పక్కన ఒకాయన పుస్తకంలో పేర్లు రాసుకుంటుంటాడు కదా, అలాగన్నమాట. ఒక్కో అక్షరం రాగానే ‘ఇది నా పుస్తకంలో ఉందా?’ అని చూస్తాం. లేకపోతే రాసుకుంటాం. ఉంటే దొంగ దొరికినట్టే. హెచ్, వై, డి, ఇ, ఆర్, ఎ, బి... ఏడూ రాసుకున్నాక ఎనిమిదోది ‘ఎ’. పుస్తకంలో ఉంది! జవాబు: ఎ. ఈ పుస్తకాన్నే ప్రోగ్రామర్లు ‘హ్యాష్ సెట్’ అంటారు. దాని గొప్పదనం ఏంటంటే, మొదటి పేజీ నుంచి వెతకదు. అక్షరాన్ని చూడగానే అది ఏ పేజీలో ఉండాలో లెక్కగట్టి నేరుగా అక్కడికే వెళ్తుంది.

మూడోది లెక్కపెట్టే పద్ధతి. ముందు ఒక రౌండ్ వేసి ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక రాసుకోవాలి. తర్వాత మళ్లీ మొదటి నుంచి చూస్తూ, లెక్క 1 కంటే ఎక్కువున్న మొదటి అక్షరం దగ్గర ఆగాలి. హెచ్ 1, వై 1, డి 2. జవాబు: డి.

నాలుగోది, అక్షరాలన్నిటినీ వరసలో సర్దేయడం. ఎ, ఎ, బి, డి, డి, ఇ, హెచ్, ఆర్, వై. ఇప్పుడు పక్కపక్కనున్నవి చూస్తే చాలు, జంటలు దొరికిపోతాయి. కాకపోతే అసలు వరస పోయింది కాబట్టి ‘మొదటిది ఏది?’ అనే ప్రశ్నకి ఇక అర్థం లేదు.

గమనించారా? నాలుగు ప్రోగ్రాముల్లోనూ తప్పు లేదు. అయినా ఒకటి ‘డి’ అంటే ఇంకొకటి ‘ఎ’ అంటోంది. మనం పద్ధతి ఎంచుకున్న మరుక్షణమే, మనకి తెలియకుండానే ‘మొదటిది’ అనే మాటకి అర్థం కూడా ఎంచేసుకున్నాం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆశించిన జవాబు రెండోది అయితే? కోడ్ కరెక్టు, జవాబు తప్పు!

500 కోట్ల తేడా

9 అక్షరాలకి ఏ పద్ధతైనా ఒకటే. ఫోన్‌కి అది కన్నుమూసి తెరిచేంత పని కూడా కాదు. తేడా తెలియాలంటే అక్షరాల బదులు ఒక లక్ష హాల్‌టికెట్ నంబర్లు ఊహించుకోండి. ఏదైనా నంబర్ ఇద్దరికి వెళ్లిందా అన్నది చూడాలి. అదృష్టం బాగుండి ఏదీ రిపీట్ కాలేదనుకోండి. ఆ సంగతి తేల్చడానికే మొరటు పద్ధతికి దాదాపు 500 కోట్ల పోలికలు కావాలి. పుస్తకం పద్ధతికి లక్ష చూపులు చాలు. కాకపోతే పుస్తకానికి చోటు కావాలి. అంటే మెమరీ ఖర్చుపెట్టి టైమ్ కొనుక్కుంటున్నాం. కంప్యూటర్ సైన్స్‌లో సగం బేరాలు ఇలాంటివే.

ఇంగ్లిష్ చిన్న అక్షరాలు మాత్రమే ఉన్నాయని గ్యారంటీ ఇస్తే అంత పెద్ద పుస్తకం కూడా అక్కర్లేదు. ఇంట్లో స్విచ్‌బోర్డులాగా 26 స్విచ్‌లు చాలు. అక్షరం రాగానే దాని స్విచ్ ఆన్ చేయాలి. అప్పటికే ఆన్‌లో ఉంటే అదే రిపీట్. ఈ 26 స్విచ్‌లూ 32 బిట్లుండే ఒకే ఒక్క సంఖ్యలో ఇమిడిపోతాయి.

ఇంకో మజా ఉంది. గూళ్లు 26 ఉండి పావురాలు 27 వస్తే, కనీసం ఒక గూట్లో రెండు దూరాల్సిందే. కాబట్టి 26 అక్షరాల భాషలో స్ట్రింగ్ ఎంత పొడవున్నా, 27వ అక్షరం దాటకముందే ఒక రిపీట్ దొరికి తీరుతుంది. కోటి అక్షరాల ఫైల్ ఇచ్చినా పుస్తకం పద్ధతి 27 కంటే ఎక్కువ చదవదు! ‘స్ట్రింగ్‌లో ఏయే అక్షరాలు ఉండొచ్చు?’ అని ఇంటర్వ్యూలో అడగాలనేది ఇందుకే. ఆ ఒక్క జవాబుతో సమస్య సైజే మారిపోతుంది.

అమ్మకి ఎన్ని అక్షరాలు?

ఇంతవరకూ బానే ఉంది. ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌కి తెలుగు పదాలు ఇద్దాం. పైథాన్‌లో ‘అమ్మ’ పొడవెంత అని అడిగితే 4 అంటుంది. ఒకటో క్లాసు పిల్లాడు కూడా రెండే అంటాడు కదా!

తప్పు పైథాన్‌ది కాదు. తెలుగుని కంప్యూటర్ దాచుకునే తీరే అంత. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికింది. మన లిపికి కేటాయించింది 128 గళ్లు. క గుణింతం, ఖ గుణింతం అంటూ పోయి, వాటికి ఒత్తులు కూడా తగిలిస్తే వేల రూపాలు అవుతాయి. ఒక్కోదానికి ఒక్కో గడి ఇవ్వడం కుదిరే పని కాదు. అందుకే హల్లుకి ఒకటి, గుడికి ఒకటి, దీర్ఘానికి ఒకటి, పొల్లుకి ఒకటి... ఇలా విడి భాగాలకే నంబర్లు ఇచ్చారు. వీటినే ‘కోడ్ పాయింట్లు’ అంటారు. స్క్రీన్ మీద వాటిని అతికించి అందమైన అక్షరంగా చూపించే పని ఫాంట్‌ది. అలా ‘అమ్మ’ లోపల అ, మ, పొల్లు, మ అని నాలుగు ముక్కలుంటాయి.

ఇప్పుడు చుట్టాలందర్నీ మన రిపీట్ ప్రోగ్రామ్ ముందు నిలబెడదాం. అమ్మలో ‘మ’ రిపీట్ అంటుంది. అక్కలో ‘క’ రిపీట్. తాతలో ‘త’, మామలో ‘మ’ రిపీట్. నాన్నలో అయితే ఏకంగా మూడు ‘న’లు. పిన్నిలో ‘న’తో పాటు ‘గుడి’ కూడా రెండుసార్లు వచ్చిందని చెబుతుంది. మన కంటికి? అ-మ్మ, అ-క్క, తా-త, మా-మ, నా-న్న, పి-న్ని. ఒక్కదాంట్లోనూ అక్షరం రిపీట్ కాలేదు! ఇంత మందిలో నిజంగా రిపీట్ ఉన్నది ‘బాబాయి’కి ఒక్కడికే.

ఇది కూడా నయమే. పాతకాలం పద్ధతిలో ఒక్కో బైట్‌ని ఒక్కో క్యారెక్టర్ అనుకునే కోడ్ ఇంకా చాలాచోట్ల ఉంది. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటీ 3 బైట్లు తీసుకుంటుంది. ఆ మూడింట్లో మొదటి బైట్ తెలుగంతటికీ ఒకటే: 224. కాబట్టి ‘ర’తో మొదలయ్యేవి తప్ప, రెండు కోడ్ పాయింట్లున్న ఏ తెలుగు పదం ఇచ్చినా ఆ ప్రోగ్రామ్ నాలుగో బైట్ దగ్గర ఆగి ‘రిపీట్ దొరికింది... 224!’ అని అరుస్తుంది. మిగతా పదమేదైనా జవాబు అదే.

మన వికటకవికి మూడు రకాల లెక్కలూ వేస్తే ఇలా ఉంటుంది:

• బైట్లుగా చూస్తే 21. మొదటి రిపీట్ 224.
• కోడ్ పాయింట్లుగా చూస్తే 7. వ, గుడి, క, ట, క, వ, గుడి. పుస్తకం పద్ధతిలో ‘క’, లెక్కపెట్టే పద్ధతిలో ‘వ’.
• అక్షరాలుగా చూస్తే 5. పుస్తకం పద్ధతిలో ‘క’, లెక్కపెట్టే పద్ధతిలో ‘వి’.

ఒకే పదం, ఒకే ప్రశ్న, నాలుగు జవాబులు. 224, క, వ, వి. తెనాలి రామకృష్ణుడు వింటే పడీపడీ నవ్వేవాడేమో!

ఆయన్ని తలుచుకున్నాం కాబట్టి ఇంకో ముచ్చట. అమ్మవారి వరంతో ఆయన వికటకవి అయ్యాడని కథ. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే పదమని మనకి చిన్నప్పుడే చెప్పేస్తారు. కానీ కోడ్ పాయింట్లని తిరగేసే ప్రోగ్రామ్‌కి ఇచ్చి చూడండి. వెనక నుంచి మొదలుపెడితే ముందు గుడి వస్తుంది, తర్వాత ‘వ’. పట్టుకోవడానికి హల్లు లేక ఆ గుడి చుక్కల సున్నా మీద వేలాడుతుంది. ‘ఈ పదం తిరగేస్తే ఒకేలా లేదు’ అని కంప్యూటర్ తీర్పు చెప్పేస్తుంది. వందల ఏళ్లుగా నలుగుతున్న మాటని ఒక్క లైన్ కోడ్ కొట్టిపారేసింది!

కంటికి కనిపించని అతిథి

‘ఫోన్‌లు’, ‘బ్యాంక్‌లు’ లాంటి మాటలు టైప్ చేసేటప్పుడు పొల్లుని విడిగా నిలబెట్టడానికి చాలా కీబోర్డులు మధ్యలో ఒక అదృశ్య గుర్తుని పెడతాయి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు ఉండదు, ఆకారం ఉండదు. కోడ్ పాయింట్ మాత్రం ఉంటుంది. అలాంటి మాటలు రెండున్న వాక్యంలో రిపీట్లు వెతికితే, ప్రోగ్రామ్ జవాబుల్లో ఒకటి ఖాళీగా కనిపిస్తుంది. రాత్రంతా కూర్చుని బగ్ వెతికినా కళ్లకి ఏమీ దొరకదు. దొరకాల్సింది కనిపించదు మరి.

ఇదంతా క్లాస్‌రూమ్ సరదా అనుకుంటే పొరపాటే. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లని కుప్పకూల్చింది ఒక తెలుగు అక్షరమే. చూడటానికి ‘జ్ఞా’లా ఉండే కలయిక అది. లోపల జ, పొల్లు, ఞ, ఆ అదృశ్య గుర్తు, దీర్ఘం... మొత్తం 5 ముక్కలు. వాటిని అతికించి స్క్రీన్ మీద చూపించబోయి యాప్‌లు క్రాష్ అయ్యాయి. మెసేజ్‌లో ఎవరైనా ఆ అక్షరం పంపిస్తే చాలు, ఆ యాప్ మళ్లీ తెరుచుకోవడమే కష్టమైంది. యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అది రిపీట్ల సమస్య కాదు కానీ వేరు ఒక్కటే. కంటికి ఒక్కటిగా కనిపించేది కంప్యూటర్‌కి ఒక్కటి కాదు. ఆ సంగతి మరిచిపోతే అంత పెద్ద కంపెనీకైనా దెబ్బ తప్పదు.

ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే కథ. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 క్యారెక్టర్లు. తెలుగులో టైప్ చేస్తే మామూలుగా 70కి పడిపోతుంది. ఆ 70లోనూ గుడికి ఒకటి, దీర్ఘానికి ఒకటి, పొల్లుకి ఒకటి కోత. ‘వికటకవి’ రాస్తే 5 కాదు, 7 ఖర్చు.

మరి దారేంటి?

ఉంది. మనిషి కంటికి ఒక్కటిగా కనిపించే ముక్కల గుంపుని యూనికోడ్ ‘గ్రాఫీమ్ క్లస్టర్’ అంటుంది. సింపుల్‌గా చెప్పాలంటే మన అక్షరానికి దగ్గరి చుట్టం. స్ట్రింగ్‌ని ముందు ఈ గుంపులుగా విడగొట్టి, ఆ తర్వాత పుస్తకం పద్ధతి వాడితే సరి. స్విఫ్ట్ భాషలో క్యారెక్టర్ అంటేనే గ్రాఫీమ్ క్లస్టర్. జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ ఉంది. పైథాన్‌లో రీజెక్స్ అనే లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. చాలాకాలం ఈ నియమాలు గుణింతాన్ని సరిగ్గా కలిపేవి కానీ ఒత్తుని మాత్రం విరగ్గొట్టేవి. ‘అమ్మ’ని అ, మ్, మ అని మూడు చేసేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు. తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదని. అంటే మన ‘అమ్మ’ రెండక్షరాలని యూనికోడ్ రూల్‌బుక్ ఒప్పుకోవడానికి, తెలుగు అందులో చేరాక 32 ఏళ్లు పట్టింది! మీ లైబ్రరీ పాతదైతే ఇప్పటికీ మూడే చెప్పొచ్చు. వెర్షన్ చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు. ఒకే ముక్కగా ఒకటి, ఎత్వం ప్లస్ కింది గుర్తుగా ఇంకొకటి. చూడటానికి రెండు ‘కై’లూ కవలలే, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు మనుషులు. రిపీట్ ఉన్నా లేదంటుంది. అందుకే పోల్చే ముందు అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చాలి. దీన్నే నార్మలైజేషన్ అంటారు.

బోర్డు మీద రాసేముందు ఈ 5 అడగండి

1. మొదటి రిపీట్ అంటే ముందుగా కనిపించేదా, ముందుగా రెండోసారి వచ్చేదా? లేక రిపీటయ్యేవన్నీ కావాలా?
2. పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటేనా? అనకాపల్లిని ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి ‘ఎ’ నంబర్ 65, మిగతా చిన్న ‘ఎ’లది 97. కంప్యూటర్ దృష్టిలో వాటికి సంబంధమే లేదు.
3. ఖాళీలు, కామాలు లెక్కలోకి వస్తాయా? మామూలు వాక్యంలో తరచుగా రిపీటయ్యేది స్పేసే మరి.
4. ఇంగ్లిష్ మాత్రమేనా, తెలుగు, ఎమోజీ కూడా వస్తాయా? ఎమోజీల్లోనూ చాలావాటిది మన గుణింతాల బాపతే. ఒక ఫ్యామిలీ ఎమోజీలో ఐదారు ముక్కలు దాగుండొచ్చు.
5. స్ట్రింగ్ ఎంత పొడవు, మెమరీ ఎంత వాడొచ్చు?

ఈ ప్రశ్నలు అడిగితే ‘వీడికి ఏమీ తెలియదు’ అనుకుంటారని కొందరు భయపడతారు. నిజానికి ఇక్కడ అడగకుండా ఊహించేసుకోవడమే రిస్కు. మనమనుకున్న ‘మొదటిది’, వాళ్లనుకున్న ‘మొదటిది’ వేరైతే ఎంత చక్కటి కోడ్ రాసినా దండగే కదా.

ఇంటర్వ్యూ అయిపోయి ఉద్యోగం వచ్చాక కూడా ఈ ప్రశ్నలు మీ వెంటే ఉంటాయి. మీరు రాసే ఫామ్‌లో ఎవరో తెలుగులో పేరు నింపుతారు. ‘పేరు 10 క్యారెక్టర్లు దాటకూడదు’ అని మీ కోడ్ అంటుంది. ఆ పదిని మీరు దేనితో లెక్కపెట్టారు? బైట్లతోనా, కోడ్ పాయింట్లతోనా, అక్షరాలతోనా? బైట్లతో అయితే మూడు ముక్కలు దాటి నాలుగోదానికి చోటుండదు. నాలుగు ముక్కలున్న ‘అమ్మ’ అని రాసినా ‘పేరు చాలా పెద్దది’ అంటుంది.

అమ్మ అంత పెద్ద పేరేమీ కాదు. రెండే అక్షరాలు. ఆ సంగతి ఫోన్‌కి దానంతటదే తెలియదు, కోడ్ రాసేవాళ్లే చెప్పాలి.